గేటు దగ్గర్నుంచి ఫోను

ఆయన్ని అందరూ బాబాయి అనేవారు. బిస్కెట్ల ఫ్యాక్టరీలో లోడింగు కూలీలు మొదలుపెట్టిన పిలుపు అది. లారీ డ్రైవర్లు అందుకున్నారు, తరవాత సెక్యూరిటీ వాళ్ళు అందుకున్నారు, చివరికి ఆయనకంటే పదేళ్ళు పెద్దవాడైన క్యాంటీను వంటాయన కూడా "బాబాయ్, టీ పెట్టనా" అని అడిగేవాడు. ఆయన ఆ పిలుపును కాదనలేదు. అసలాయన ఎవర్నీ, దేన్నీ కాదన్న పాపాన పోలేదు. వచ్చిన చిక్కంతా అక్కడే వచ్చింది.

ఇరవై రెండేళ్ళు డిస్పాచ్ సూపర్‌వైజరుగా చేశాడు. డిస్పాచ్ అంటే సరుకు లారీకెక్కి ఫ్యాక్టరీ గేటు దాటేదాకా చూసుకునే పని. ఆఖరున దించాల్సిన సరుకు ముందు ఎక్కాలి, మొదట దించాల్సింది తలుపు దగ్గర ఉండాలి. క్రీము బిస్కెట్ల పెట్టెల మీద బరువు పెడితే అడుగువి పొడైపోతాయి. ఇవన్నీ కాగితం మీద రాసి ఉండేవి గానీ బాబాయికి కాగితంతో పనిలేదు. కింద ఉన్న గుట్టను ఓసారి, ఖాళీ లారీని ఓసారి చూసి "పద్నాలుగు పెట్టెలు మిగులుతాయి" అనేవాడు. మిగిలేవి. ఒక్కసారి మాత్రం పదమూడే మిగిలాయి. ఆ రోజు లారీ చుట్టూ రెండుసార్లు తిరిగి, ఎవరో ఒక పెట్టెను డ్రైవరు సీటు వెనక పెట్టారని కనిపెట్టాడు.

పెట్టెల దగ్గర ఆయనకు మొహమాటమన్నది లేదు. తప్పుగా ఎక్కిస్తే సగం లారీ నిండినా సరే, దింపించి మళ్ళీ ఎక్కించేవాడు. మనుషుల దగ్గరికి వచ్చేసరికే నోరు పెగిలేది కాదు. రేపు నీకు ట్రిప్పు లేదని ఒక డ్రైవరుతో చెప్పాల్సి వస్తే, ముందు టీ తాగించేవాడు. పిల్లల చదువులు అడిగేవాడు. రెండో టీ తెప్పించేవాడు. విషయం తప్ప అన్నీ మాట్లాడి పంపేసేవాడు. ఆ డ్రైవరు మర్నాడు పొద్దున్నే తల దువ్వుకుని, టిఫిను డబ్బాతో సహా వచ్చి గేటు దగ్గర నిలబడేవాడు. ఇక అతనికి ఎక్కడో ఓచోట ట్రిప్పు దొరికేదాకా బాబాయికి కాలు నిలిచేది కాదు.

అలాంటి ఫ్యాక్టరీని యజమానులు నాలుగు వందల కిలోమీటర్ల అవతలికి మార్చారు. బాబాయి భార్య పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షనులో పనిచేస్తుంది, కూతురు డిగ్రీ ఆఖరి ఏడాది చదువుతోంది, ఇల్లు ఎత్తేసి వెళ్ళే వీలు లేదు. ఆఖరి రోజున ఆయన కూలీలందరికీ పేరుపేరునా ధైర్యం చెప్పి ఇంటికొచ్చాడు. ఆయనకెవరూ చెప్పలేదు. నవ్వు ముఖం పెట్టుకుని తిరిగే మనిషికి ధైర్యం చెప్పాలని ఎవరికి తోస్తుంది? నలభై తొమ్మిదేళ్ళ వయసులో, ఇరవై రెండేళ్ళ తరవాత మొదటిసారి, సోమవారం పొద్దున షూ లేసు కట్టుకోబోయి ఆగిపోయాడు.

ఆదుకోవడానికి బావమరిది పరిగెత్తుకొచ్చాడు. ఆ అబ్బాయి సెల్‌ఫోన్ల దుకాణంలో సేల్స్ చూస్తాడు, చాలా మంచివాడు, చాలా తొందరవాడు. ఒక్క సాయంత్రంలో బావగారి రెజ్యూమే తయారుచేశాడు. అందులో బాబాయికి నాయకత్వ లక్షణాలున్నాయి, ఒత్తిడిలో పనిచేయగల సామర్థ్యముంది, నల్లకోటు కూడా ఉంది. జన్మలో కోటు తొడగని మనిషి తన ఫోటోను అటూ ఇటూ తిప్పి చూసుకుని "ఈయనెవరో బాగున్నాడు" అన్నాడు.

"ఊళ్ళో ఉన్న కన్సల్టెన్సీలన్నిటికీ పంపించేశాను బావా," అన్నాడు బావమరిది. "ఎక్కడో ఓచోట తగలకపోదు."

రెండు నెలలు గడిచినా ఎక్కడా తగల్లేదు. ఆ తరవాత బాబాయి భార్య పనిచేసే క్లినిక్కుకి దవడ పంటి నొప్పితో ఒక పెద్దావిడ వచ్చింది. ఉద్యోగాలు చూపించే కన్సల్టెంటునని చీటీలో రాసింది. ఆవిడ నోటినిండా దూది కుక్కి డాక్టరుగారు పక్క గదిలోకి వెళ్ళిన పది నిమిషాల్లో, బాబాయి భార్య తన భర్త సంగతంతా చెప్పేసింది. నోరు తెరిచి కూర్చున్న మనిషి వినక ఏంచేస్తుంది. వెళ్ళేటప్పుడు ఆవిడ మాట్లాడలేక, అపాయింట్‌మెంటు చీటీ వెనక చిరునామా రాసిచ్చి, రేపు పదింటికి అన్నట్టు వేళ్ళు చూపించింది.

కళ్ళద్దాల దుకాణం పక్కనుంచి ఇనుప మెట్లెక్కితే పైన ఒకే గది. రెండు బల్లలు, తన్నితేగానీ మూతపడని బీరువా, కిటికీలోంచి బస్టాపు. గోడ మీద చేత్తో గీసిన పెద్ద మ్యాపు, దానిమీద బస్సు నంబర్లు, ప్రతి గోదాముకీ ఫ్యాక్టరీకీ ఒక గుండుసూది. కన్సల్టెంటుగారు ముప్పై ఏళ్ళు నూలు మిల్లులో సిబ్బంది విభాగంలో పనిచేసింది. మిల్లు మూసినప్పుడు ఎనిమిది వందల మంది చేత ఆఖరి సంతకాలు పెట్టించి, ఎనిమిది వందల ఒకటో మనిషి కోసం ఎదురుచూసినట్టు చాలాసేపు అక్కడే కూర్చుండిపోయిందట. ఆ తరవాత ఈ గది తీసుకుంది. తను చూడని చోటికి ఆవిడ ఎవరినీ పంపదు. బస్సెక్కి వెళ్తుంది, అక్కడి క్యాంటీనులో తింటుంది, మరుగుదొడ్లు చూస్తుంది, సాయంత్రం గేటు బయట నిలబడి జనం ఇంటికి నడిచి వెళ్తున్నారా పరిగెడుతున్నారా చూస్తుంది. పరిగెడుతుంటే ఆ కంపెనీకి గుండుసూది ఉండదు.

ఆవిడ రెజ్యూమేను చూసింది. "ఈ కోటు మీదేనా?"

"మా బావమరిది కంప్యూటర్లో తొడిగాడండి."

"ఉద్యోగం కూడా ఆయనే చేస్తాడా?" అని కాగితాన్ని వెనక్కి తిప్పి పెన్సిలిచ్చింది. "ఇక్కడ లారీ గియ్యండి. మూడు ఊళ్ళ సరుకుంది. ఎలా ఎక్కిస్తారో చూపించండి."

బాబాయి గీశాడు. గీస్తూ గీస్తూ ఎదురుగా మనిషి ఉందన్న సంగతే మరిచిపోయాడు. ఇరుసు మీద బరువెంత పడుతుందో, మలుపులో పెట్టెలు ఎటు ఒరుగుతాయో, వాన పడితే టార్పాలిన్ ఏ మూల కారుతుందో చెప్పాడు. ఆవిడ ఆ కాగితాన్ని ఫైల్లో పెట్టుకుంది. కోటు అడుగుకు పోయింది, లారీ పైకొచ్చింది.

"రాత్రి షిఫ్టు చేస్తారా?"

"చేస్తానండి."

"కంప్యూటరు వచ్చా?"

"వచ్చండి."

"లారీ ఎక్కి దిగగలరా, రోజంతా?"

"దానిదేముందండి."

ఆవిడ కళ్ళద్దాల పైనుంచి ఒక్క క్షణం చూసి, చెప్పినవన్నీ రాసుకుంది. బాబాయి జేబులో చెయ్యి పెట్టబోతే ఆపింది. "మీ దగ్గర పైసా తీసుకోను. మనిషి కావాల్సిన కంపెనీ ఇస్తుంది నాకు. అందుకే మీ గురించి వాళ్ళతో అబద్ధం చెప్పలేను. మీరూ నాకు చెప్పకూడదు. ఇంకోటి, ఒకే కంపెనీకి మీ పేరు రెండు దారుల్లో వెళ్ళిందంటే, ఎందుకొచ్చిన గొడవని వాళ్ళు రెండు కాగితాలూ పక్కన పడేస్తారు. గుర్తుపెట్టుకోండి."

"సరేనండి," అన్నాడు బాబాయి, అన్నిటికీ అన్నట్టే.

మొదటి ఇంటర్వ్యూ పెయింట్ల గోదాములో. ఆవిడ రెండు బస్సులు మారి వెళ్ళి ముందే చూసొచ్చింది. బాబాయి వెళ్ళేసరికి బయట ప్లాస్టిక్ కుర్చీలో నీలం చొక్కా తొడుక్కున్న ఒకతను కూర్చుని ఉన్నాడు. ఎరువు తెచ్చుకున్న బూట్లు కాబోలు, అడుగేస్తే మడమ బయటికి వస్తోంది. చేతిలో కాగితాన్ని చుడుతున్నాడు, విప్పుతున్నాడు. బాబాయి ఊరుకుంటాడా? మంచినీళ్ళు తెచ్చిచ్చాడు. మాటల్లో పెట్టాడు. భార్యకు నెలలు నిండాయని, ఆరునెలలుగా పని లేదని తెలుసుకున్నాడు. పెయింటు డబ్బాలు ఎలా పేర్చాలో, ఏమడిగితే ఏం చెప్పాలో నేర్పాడు. ఈలోగా లోపలి నుంచి పిలుపు వచ్చింది.

"మిమ్మల్నే ఎందుకు తీసుకోవాలి?" అని లోపలాయన అడిగాడు. అందర్నీ అడిగే ప్రశ్నే.

బాబాయి తల గోక్కున్నాడు. "తీసుకుంటే మీకు నష్టమేం ఉండదండి. కానీ బయట నీలం చొక్కా అతనున్నాడు చూశారా, పాపం అతనికి అవసరం ఎక్కువ. పని కూడా తెలిసినవాడే. ముందు అతన్ని చూడండి."

వాళ్ళు చూశారు. తీసుకున్నారు.

బాబాయి రోడ్డు మీద కాసేపు నిలబడి, కన్సల్టెంటుగారికి ఫోన్ చేసి "బాగా జరిగిందండి" అన్నాడు. రెండు బస్సులు మారి వెళ్ళొచ్చిన మనిషిని ఎలా నొప్పిస్తాడు? ఇంటికెళ్ళాక భార్యకీ అదే చెప్పాడు. ఆవిడ అప్పుడే క్లినిక్కు నుంచి వచ్చి చున్నీ మడత పెడుతోంది. ఒకసారి ఆయన వంక చూసి, "సరే, కాళ్ళు కడుక్కుని రండి, భోంచేద్దాం" అంది. నమ్మింది, గండం గడిచిందనుకున్నాడు బాబాయి.

గండం నాలుగో రోజున వచ్చింది. ఇనుప మెట్ల పైకి రమ్మని కబురు.

"కూర్చోండి," అంది కన్సల్టెంటుగారు. "బాగా జరిగిందన్నారు కదాని మూడు రోజులు, మూడుసార్లు వాళ్ళ వెంటపడ్డాను. మూడోసారి నవ్వారు. మీకు థాంక్సు చెప్పమన్నారు. మంచి మనిషిని చూపించారట."

బాబాయి కిటికీలోంచి బస్టాపు వంక చూశాడు.

"ముప్పై ఏళ్ళలో ఇంటర్వ్యూలు పాడుచేసుకున్నవాళ్ళను చాలామందిని చూశాను. తాగొచ్చినవాళ్ళున్నారు, నిద్రపోయినవాళ్ళున్నారు. పక్కవాడి తరఫున ఇంటర్వ్యూ ఇచ్చినవాణ్ణి చూడటం ఇదే."

"అతని భార్యకు నెలలు నిండాయండి."

"మీ ఇంట్లో ఎవరూ లేరా?"

బాబాయి బల్ల మీది పెన్సిలును తిన్నగా సర్దాడు.

"అది వదిలేయండి. ఇచ్చారు, అయిపోయింది. నాకు మాత్రం బాగా జరిగిందని ఎందుకు చెప్పారు?"

"మీరు బాధపడతారని."

ఆవిడ కళ్ళద్దాలు తీసి బల్లమీద పెట్టింది. కోపం వచ్చింది, వచ్చినంత కోపం చూపిద్దామని నోరు తెరిచింది, ఎదురుగా ఆ ముఖం చూసి ఆపేసింది. లేచి వెళ్ళి, కింద దుకాణం వాళ్ళు దాచుకున్న ఖాళీ అట్టపెట్టె ఒకటి తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"దీని మీద ఏముంది, చదవండి."

"బాణం గుర్తు, ఇటు పైకి అని. గ్లాసు బొమ్మ, పగిలే సరుకని. తడి తగలకూడదని గొడుగు బొమ్మ. పైన నాలుగు పెట్టెలకు మించి పెట్టొద్దని అంకె."

"ఈ పెట్టె మొహమాటానికి పోయి, ఎన్ని పెట్టినా పర్లేదు, ఎటు తిప్పినా పర్లేదు అని రాసుకుంటే?"

"లోపలి అద్దాలు పోతాయండి."

"మీ మీద నేను రాసుకున్నవి చూడండి," అని ఫైలు ఆయన వైపు తిప్పింది. రాత్రి షిఫ్టు, పర్లేదు. కంప్యూటరు, వచ్చు. రోజంతా ఎక్కడం దిగడం, దానిదేముంది.

బాబాయి ఆ కాగితాన్ని దగ్గరికి లాక్కున్నాడు. తరవాత, పెట్టెల సంగతి చెప్పే గొంతుతోనే, నెమ్మదిగా మొదలుపెట్టాడు. కుడి మోకాలు నాలుగుసార్లు లారీ ఎక్కితే వాస్తుంది. రాత్రి మేలుకుంటే మర్నాడు తల దిమ్మెక్కి లెక్క తప్పుతుంది. కంప్యూటరు ఆన్ చెయ్యడం వచ్చు, ఆఫ్ చెయ్యడం కూతురు చేస్తుంది. ఆవిడ పాతవి కొట్టేసి ఇవి రాసింది. రాసినకొద్దీ ఆవిడ ముఖం విప్పారింది.

"ఇప్పుడు నా దగ్గర మనిషున్నాడు. ఇందాకటిదాకా కోటే ఉంది. ఇకనుంచి ఒక పద్ధతి పెట్టుకుందాం. ఇంటర్వ్యూ అయి గేటు దాటగానే నాకు ఫోన్ చెయ్యాలి. బస్సెక్కకముందు, ఇంట్లో చెప్పకముందు. బస్సెక్కేసరికి మాట కొంచెం మారుతుంది, దిగేసరికి ఇంకొంచెం మారుతుంది. నాకు నలగని సరుకు కావాలి. ఏం తేడా వచ్చిందో తెలిస్తే సర్దగలను, లేకపోతే లేదు."

"మరి ఇంట్లో?"

"ఇంట్లో ఏం చెప్పుకుంటారో మీ ఇష్టం. నా పరిధి ఈ గదే."

రెండో ఇంటర్వ్యూ పశువుల దాణా గోదాములో జరిగింది. బయటికొచ్చి గేటు పక్కన, సెక్యూరిటీ అతను చూస్తుండగా, బాబాయి ఫోన్ తీశాడు. చెవి దగ్గర పెట్టుకున్నాక కూడా బాగా జరిగిందనే మాటే నాలుక మీదికొచ్చింది. దాన్ని ఆపి, "రాలేదండి" అన్నాడు. "కంప్యూటర్లో సరుకు ఎక్కించమన్నారు. నావల్ల కాలేదు."

"ఏ స్క్రీను చూపించారు? మొదట ఏమడిగింది?" అని ఆవిడ అడిగి అడిగి రాసుకుంది. అయ్యో అనలేదు. ఆ సాయంత్రమే నేర్చుకోవాల్సినవి నాలుగు పంపించింది. ఫోను పెట్టేశాక బాబాయికి ఆశ్చర్యంగా తేలిగ్గా అనిపించింది. చెడ్డ కబురు చెప్తే ఎదుటి మనిషి కూలిపోతుందని జీవితమంతా భయపడ్డాడు, ఆవిడ పెన్ను తీసింది అంతే.

ఇంట్లో మాత్రం, "బాగా జరిగింది," అన్నాడు. "సరే, కాళ్ళు కడుక్కుని రండి," అంది భార్య. ఆ రోజునుంచి సాయంకాలాలు కూతురి పక్కన కూర్చుని కంప్యూటరు నేర్చుకున్నాడు. "నాన్నా, అది నొక్కితే పేలిపోదు, నొక్కు," అనేది ఆ పిల్ల. నెల తిరిగేసరికి భయపడకుండా నొక్కుతున్నాడు, ఆఫ్ కూడా చేస్తున్నాడు.

మూడోది టైల్సు. "మోకాలి సంగతి చెప్పానండి, వాళ్ళకు ఎక్కి దిగేవాళ్ళే కావాలట," అన్నాడు గేటు దగ్గర్నుంచి. "అయితే అది మన చోటు కాదు, మంచిదయింది," అంది ఆవిడ. ఇంట్లో, "బాగా జరిగింది." "కాళ్ళు కడుక్కుని రండి."

ఆ ఇనుప మెట్లు మొదటిసారి ఎక్కిన నాలుగో నెల చివర్లో మందుల డిపో వచ్చింది. ఆవిడ ఫోన్లో చెబుతుంటే బాబాయికి నమ్మబుద్ధి కాలేదు. పగటి షిఫ్టు మాత్రమే. లారీ అడుగు ఎంత ఎత్తులో ఉంటుందో డిపో గట్టు అంతే ఎత్తు, నేరుగా నడిచి వెళ్ళడమే, ఎక్కడం దిగడం లేదు. ఇంటి నుంచి ఒకటే బస్సు. ఆవిడ వెళ్ళి క్యాంటీనులో తినొచ్చింది, సాయంత్రం జనం మాట్లాడుకుంటూ నడిచి వెళ్ళారట. "ఇలాంటిది మళ్ళీ ఏడాదికి గానీ రాదు," అంది. "గురువారం పదకొండింటికి. మీ గురించి మేనేజరుతో మూడుసార్లు మాట్లాడాను."

ఫోన్ పెట్టేసి గంట కాలేదు, బావమరిది నవ్వుకుంటూ వచ్చాడు.

"బావా, శుభవార్త. మా ఫ్రెండు కన్సల్టెన్సీ నుంచి మందుల డిపోకి నీ పేరు పంపమన్నాను. ఇవాళో రేపో వెళ్ళిపోతుంది."

బాబాయి గుండెల్లో రాయి పడింది. రెండు దారులు, రెండు కాగితాలూ పక్కన పడేస్తారు. ఎదురుగా బావమరిది మెప్పు కోసం చూస్తున్నాడు. పాత బాబాయి అయితే భుజం తట్టి, టీ ఇప్పించి, గురువారం దాకా లోలోపల కుమిలేవాడు. భుజం తట్టడమైతే తట్టాడు. తరవాత వరండాలోకి వెళ్ళి, గేటూ ఇంటర్వ్యూ ఏమీ లేకుండానే, ఆవిడకు ఫోన్ చేశాడు.

ఆవిడ అంతా విని అంది. "గురువారం నాకు వాళ్ళ నోటివెంట తెలిసుంటే చేసేదేం ఉండేది కాదు. ఇవాళే చెప్పారు, బతికించారు. ఇప్పుడు ఆ కన్సల్టెన్సీకి ఫోన్ చేసి, నా పేరు పంపొద్దని చెప్పాలి. నేను చెప్తే గొడవ. మీరే చెప్పాలి."

"వాళ్ళేమనుకుంటారో."

"బాబాయిగారూ." అప్పటిదాకా ఆవిడ ఆయన్ని అలా పిలవలేదు. "ముందు నాకు చెప్పి చూడండి. నేనే వాళ్ళననుకోండి."

"నమస్కారమండి. మీరు చేసిన సాయం మరిచిపోలేను. మీరేమీ అనుకోకపోతే, మీకు వీలుపడితే, అంటే ఇబ్బంది లేకపోతేనే…"

"నాకేమీ అర్థం కాలేదు. మళ్ళీ."

రెండోసారి ఇంకాస్త పొడుగైంది. మూడోసారి ఆవిడ, "లారీలో పెట్టె తప్పు పెట్టారు. కూలీతో చెప్పండి," అంది.

"నా పేరు పంపకండి," అన్నాడు బాబాయి. "నేను వేరేవాళ్ళ ద్వారా వెళ్తున్నాను."

"అంతే. ఇక చెయ్యండి."

చేశాడు. అవతల ఒకమ్మాయి, "పేరింకా వెళ్ళలేదు సార్, ఆపేస్తాం. ఒక మెయిల్ పెట్టండి," అని పెట్టేసింది. నొచ్చుకోలేదు సరికదా, ఆయనెవరో కూడా ఆ పిల్లకు గుర్తున్నట్టు లేదు. లోపలికొచ్చి బావమరిదికి జరిగింది చెప్పాడు.

"వద్దన్నావా?" అన్నాడు బావమరిది. "నువ్వా?"

"నేనే."

బావమరిది నొచ్చుకోవడం మరిచిపోయి అక్కను కేకేశాడు.

గురువారం మందుల డిపో మేనేజరు బల్ల మీద కన్సల్టెంటుగారి కాగితం ఉంది, దానికి గుచ్చి పెన్సిలుతో గీసిన లారీ ఉంది. "రాత్రి షిఫ్టు వద్దు, మోకాలు నొప్పి, కంప్యూటరు ఇప్పుడే నేర్చుకుంటున్నారు," అని ఆయన చదివాడు. "ఇన్ని లోపాలు రాసి పంపిన కాగితం నాకింతవరకు రాలేదు."

"అన్నీ నిజమేనండి."

"అందుకే మిగతావి కూడా నిజమేనేమో చూద్దామని పిలిచాను. రండి."

గట్టు దగ్గర ఒక లారీ సగం నిండి ఉంది. పక్కనే, దాన్ని ఎక్కించిన మేస్త్రీ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "ఎలా ఉంది?" అన్నాడు మేనేజరు. బాబాయి మేస్త్రీ వంక చూశాడు, బాగుందనబోయాడు. తరవాత పెట్టెల వంక చూశాడు. ఇక ఆగలేదు.

"సిరప్పు సీసాలు మాత్రల పెట్టెల మీద పెట్టారండి. మలుపులో కిందవి నలుగుతాయి. మూడో వరస దాకా దించాలి. పైగా మొదటి ఊరి సరుకు లోపలికి పోయింది." మేస్త్రీ వంక మళ్ళీ చూసి, "ఏ ఊరు ముందో వీళ్ళకు చీటీ ఇచ్చినట్టు లేదు," అన్నాడు.

"ఇవ్వలేదు సార్," అన్నాడు మేస్త్రీ వెంటనే, చేతులు విప్పేసి.

మేనేజరు ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "బయట ఇంకా ఇద్దరున్నారు. మాట్లాడారా వాళ్ళతో?"

మాట్లాడకుండా ఉంటాడా? ఒకతను తల్లి ఆపరేషను కోసం ఎదురుచూస్తున్నాడు, ఇంకొకతను పాత ఉద్యోగంలో అన్యాయమైపోయాడు. ఇద్దరి కథలూ బాబాయి గొంతులో సిద్ధంగా ఉన్నాయి. గిన్నెలో ఆఖరి ముద్ద కూడా ఎప్పుడూ నాకని తీసుకోని మనిషి. చొక్కా అంచు పట్టుకుని నిలబడ్డాడు.

"మాట్లాడానండి. మంచివాళ్ళే. వాళ్ళ సంగతి వాళ్ళు చెప్పుకుంటారు. ఈ ఉద్యోగం నాకు కావాలి."

చిన్న మాటే. దానికి ఆయనకు చెమటలు పట్టాయి.

మేనేజరు ఆ ఇద్దరితోనూ మాట్లాడి వచ్చేదాకా, దాదాపు గంటసేపు, బాబాయి గట్టు మీదే ఉన్నాడు. ఊరికే ఉండలేక మేస్త్రీతో కలిసి మూడో వరస దించి మళ్ళీ పేర్పించాడు. మేనేజరు వచ్చి ఆ లారీని చూసి, "సోమవారం ఎనిమిదింటికి రండి," అన్నాడు. "కాగితం మీ కన్సల్టెంటుగారికి పంపుతాను."

గేటు దాటాడు. అలవాటుగా ఫోన్ తీసి ఆవిడకే చేశాడు.

"ఇప్పుడే మేనేజరు నాకు చెప్పాడు," అంది ఆవిడ. "నాకెందుకు చేశారు?"

"మీరే కదండీ, గేటు దాటగానే ముందు మీకు…"

"అది రాని ఉద్యోగాలకి. వచ్చినదానికి ముందు ఇల్లు. పెట్టెయ్యండి." థాంక్సు చెప్పేలోపే ఆవిడే పెట్టేసింది.

బాబాయి భార్యకు ఫోన్ చేశాడు. వెనక పళ్ళ డాక్టరుగారి మిషను గీమంటోంది.

"ఏమండీ, ఎలా జరిగింది?"

చెప్పాల్సింది కొండంత ఉంది. నోటికొచ్చింది మాత్రం అలవాటైన మాటే. "బాగా జరిగింది."

భార్య, చాలా మెల్లగా, ఏమీ జరగనట్టు మాట్లాడింది. "పోనీలెండి. ఎండలో నిలబడకండి. ఇంటికెళ్ళి కాళ్ళు కడుక్కుని భోంచెయ్యండి. కూర మూతపెట్టి వచ్చాను. ఇంకోటి వస్తుంది లెండి."

బాబాయి అక్కడే, గేటు గోడకు ఆనుకుని నిలబడిపోయాడు. పెయింట్ల గోదాము రోజున కాళ్ళు కడుక్కోమన్న గొంతు ఇదే. దాణా రోజునా ఇదే, టైల్సు రోజునా ఇదే. బాగా జరిగిందంటే ఏమిటో ఈవిడకు మొదటి రోజునుంచీ తెలుసు. తను ఆవిడ మనసు నొప్పించకూడదని అబద్ధమాడుతుంటే, తన మనసు నొచ్చుకోకూడదని ఆవిడ నమ్మినట్టు కూర్చుంది, నాలుగు నెలలు. ఆయనకు కళ్ళు నీళ్ళతో నిండిపోయాయి, సిగ్గేసింది, భార్య మీద ప్రేమ ముంచుకొచ్చింది, అన్నీ ఒకేసారి.

"అది కాదు," అన్నాడు. "ఉద్యోగం వచ్చింది. సోమవారం నుంచి రమ్మన్నారు. టైల్సు దగ్గర రాలేదు, దాణా దగ్గర రాలేదు, పెయింట్ల గోదాములో నేనే పాడుచేసుకున్నాను. నీకు అన్నీ అబద్ధాలే చెప్పాను."

మిషను చప్పుడు దూరమైంది. ఆవిడ ఫోను పట్టుకుని బయటికి వచ్చినట్టుంది.

"అవన్నీ నాకు తెలుసు," అంది. "ఉద్యోగం వచ్చిందన్నదే తెలీదు. అదొక్కటీ మళ్ళీ చెప్పండి."